చెట్టు వడ్డీకి తూగదు: పసిఫిక్ లంబర్ కంపెనీ కథ

కుటుంబ వ్యాపారం కూలిందంటే మనకు వెంటనే తట్టే కారణాలు కొన్నే. అన్నదమ్ముల తగాదా, మూడో తరం దుబారా, మితిమీరిన అప్పులు. అమెరికాలో కాలిఫోర్నియా ఉత్తర కొసన ఉన్న పసిఫిక్ లంబర్ కంపెనీ విషయంలో ఇవేవీ లేవు. 1985 నాటికి ఆ కలప కంపెనీకి అప్పు దాదాపు లేదు. పింఛను నిధిలో ఇవ్వాల్సినదానికంటే ఎక్కువ డబ్బుంది. అడవిలో ఇంకా కొట్టని మానులు వేల ఎకరాల్లో ఉన్నాయి. వాళ్ళ కొంప ముంచింది ఈ బాగుండటమే.

కంపెనీ పుట్టింది 1863లో, హంబోల్ట్ కౌంటీలో. ఈల్ నది ఒడ్డున ఎకరం డాలరుంబావు చొప్పున 6,000 ఎకరాలు కొని మొదలుపెట్టారు. ఆ భూమి అంత చవగ్గా దొరకడం వెనక ఒక చీకటి సంగతి ఉంది. అంతకు మూడేళ్ళ ముందే, 1860 ఫిబ్రవరిలో, యురీకా పట్నం పక్కనున్న ద్వీపంలో వియోట్ తెగవాళ్ళను, ఎక్కువగా ఆడవాళ్ళను పిల్లలను, వలసదారులు నరికి చంపారు. అక్కడి తెగలను తరిమేశాకే ఆ అడవులు అమ్మకానికి వచ్చాయి. కంపెనీ చరిత్ర చెప్పేటప్పుడు ఈ పేజీ సాధారణంగా ఎగిరిపోతుంది.

ఆ అడవిలో ఉన్నది రెడ్‌వుడ్. ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తు పెరిగే చెట్టు అదే. మూడొందల అడుగులు దాటినవి చాలా ఉన్నాయి, వెయ్యేళ్ళు పైబడినవీ ఉన్నాయి. ఎర్రటి చేవ, దానికి చెద అంత తేలిగ్గా పట్టదు, తడిలో త్వరగా కుళ్ళదు. అందుకే రైలు స్లీపర్లకీ, నీళ్ళ ట్యాంకులకీ, ద్రాక్షసారా పీపాలకీ, ఇళ్ళ గోడలకీ దాన్నే వాడారు. 1906 భూకంపంలో, ఆ వెంట వచ్చిన మంటల్లో శాన్ ఫ్రాన్సిస్కో నాశనమయ్యాక ఊరిని మళ్ళీ కట్టడానికి ఓడల మీద వెళ్ళిన కలపలో చాలా భాగం ఈ ఉత్తర తీరానిదే.

ఈ చెట్టుని పడగొట్టడం మాత్రం అంత సులువు కాదు. చేవ చాలాకాలం మన్నేదే కానీ పెళుసు. అంత బరువైన మాను బండమీదనో మిట్టపల్లాల మీదనో పడితే ముక్కలు ముక్కలుగా చిట్లిపోతుంది, కోతకు పనికిరాదు. అందుకని మాను ఏ వైపు ఒరగాలో ముందే చూసుకుని, ఆ దారి పొడుగునా మట్టి చదును చేసి, కొమ్మలూ రెమ్మలూ మెత్తగా పరిచి, దానికి ఒక పడక తయారుచేసేవాళ్ళు. ఒక మాను కోసం రోజుల తరబడి పరుపు వేయడం! అది కూలాక తొలినాళ్ళలో ఎడ్లు, తర్వాత ఆవిరి యంత్రాలు దుంగల్ని లాగేవి. కంపెనీ ఊరైన స్కోషియాలోని మిల్లులో అడుగు మందం బెరడును ఒలవడానికి గొట్టంలోంచి విపరీతమైన ఒత్తిడితో నీళ్ళు కొట్టేవాళ్ళు. అద్దం వెనక నిలబడి అది చూడటానికి టూరిస్టులు వచ్చేవాళ్ళు.

మర్ఫీ కుటుంబం ఈ కథలోకి వచ్చింది 1900ల తొలి ఏళ్ళలో. సైమన్ మర్ఫీ మెయిన్ రాష్ట్రంలో పుట్టి, అక్కడి కలపతో వ్యాపారం నేర్చుకుని, తర్వాత మిషిగన్‌లోని తెల్ల పైన్ అడవుల్లో డబ్బు గడించి, డెట్రాయిట్‌లో పెద్ద పెద్ద భవనాలు కట్టించినవాడు. ఈ కుటుంబం ప్రయాణాన్ని పటం మీద గీస్తే అమెరికా కలప చరిత్ర మొత్తం కనిపిస్తుంది. తూర్పున అడవి అయిపోతే సరస్సుల ప్రాంతానికి, అక్కడ అయిపోతే పడమటి తీరానికి. నరుకు, సర్దుకో, ముందుకు పో. కాలిఫోర్నియా తర్వాత ఇక పోవడానికి చోటు లేదు, ఉన్నది పసిఫిక్ సముద్రమే.

బహుశా ఆ సంగతి బుర్రకెక్కిన తరం సైమన్ మనవడిది. 1931లో స్టాన్‌వుడ్ మర్ఫీ అధ్యక్షుడయ్యాక కంపెనీ పద్ధతి మారింది. ఒక తోపులోకి వెళ్తే మొత్తం బోడి చేయకుండా ముదిరిన మానుల్లో 70 శాతం దాకా కొట్టి, బలంగా ఎదుగుతున్న మిగతావాటిని వదిలేయాలి. ఏడాదికి అడవి ఎంత పెరుగుతుందో రాబోయే కాలంలో కోత అంతకు మించకుండా చూడాలి. చుట్టుపక్కల కంపెనీలు కొండకు కొండ గొరిగేస్తున్న కాలంలో ఈ నియమాన్ని అర్ధశతాబ్దం పాటు పాటించారు. ఆ ఏళ్ళలోనే బుల్ క్రీక్ దగ్గరి దాదాపు 10,000 ఎకరాల పాత అడవిని రాష్ట్ర పార్కు కోసం అమ్మారు. దానికి చమురు కుబేరుల కుటుంబానికి చెందిన రాక్‌ఫెల్లర్ ఇచ్చిన విరాళం పెద్ద ఆధారం. ఇప్పుడది రాక్‌ఫెల్లర్ అడవి. అయితే 1920లలో అక్కడ కోత మొదలుపెట్టబోతే స్థానిక మహిళలు అడ్డం నిలబడ్డారనీ, బేరం ఆ గొడవ తర్వాతే కుదిరిందనీ కూడా చెప్పాలి. మర్ఫీలు పుణ్యాత్ములేం కాదు, ముందుచూపున్న వ్యాపారులు.

ఆ 70 శాతం లెక్క గురించి ఒక్క మాట. అప్పట్లో కాలిఫోర్నియాలో నిలబడి ఉన్న కలపకు ఏటేటా ఆస్తిపన్ను కట్టాలి. చెట్టుని ఉంచుకున్నన్నాళ్ళూ పన్ను, కొట్టేస్తే లేదు. 1926లో రాష్ట్ర రాజ్యాంగానికి చేసిన సవరణ ప్రకారం, ఒక తోపులో 16 అంగుళాల పైబడిన వ్యాసమున్న మొదటి తరం మానుల్లో 70 శాతం తీసేస్తే, మిగిలిన లేత అడవికి 40 ఏళ్ళు పన్ను మినహాయింపు దొరికేది. రెండు చోట్లా అదే అంకె ఉండటం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. చాలా కథనాలు మర్ఫీల మంచితనంగా చెప్పే దాంట్లో పన్ను చట్టం వాటా ఎంతో ఉంది. 1976లో ఆ పద్ధతి మారి, చెట్టుని కొట్టినప్పుడు మాత్రమే పన్ను కట్టే విధానం వచ్చింది. దాంతో అడవిని నిలబెట్టి ఉంచడం ఇంకా తేలికైంది. కంపెనీ చేతిలో పాత మానులు అలా మిగిలిపోయాయి. ప్రైవేటు చేతుల్లో ఉన్న పాత రెడ్‌వుడ్‌లో అత్యధిక భాగం ఈ ఒక్క కంపెనీదే అనే స్థితి వచ్చింది.

ఊరి సంగతికొస్తే, స్కోషియాలో ఇళ్ళన్నీ కంపెనీవే. అద్దె నామమాత్రం. ఉద్యోగుల పిల్లలు కాలేజీకి వెళ్తే స్కాలర్‌షిప్, హైస్కూలు అయ్యాక ఉండిపోతే మిల్లులో పని. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ ఒకే మిల్లులో చేసిన ఇళ్ళు ఎన్నో. బయటివాళ్ళకు స్వర్గంలా కనిపించే ఈ ఏర్పాటుకు రెండో ముఖం లేకపోలేదు. యజమానే ఇంటి ఓనరు కూడా అయితే ఉద్యోగం పోయిన రోజే ఇల్లూ పోతుంది. ఎదురు మాట్లాడటం అంత సులువు కాదు. అయినా ఆ ఊరివాళ్ళు తర్వాత్తర్వాత మర్ఫీల కాలాన్ని తలుచుకున్న తీరు చూస్తే, వాళ్ళకు అందులో భద్రతే ఎక్కువ కనిపించిందని అర్థమవుతుంది.

అసలు మెలిక వాటాల్లో ఉంది. పేరుకు మర్ఫీల కంపెనీ, ఊళ్ళో అందరికీ మర్ఫీల కంపెనీ, కానీ షేర్లు స్టాక్ మార్కెట్‌లో అమ్ముడవుతున్నాయి. 1985 నాటికి కుటుంబం చేతిలో మిగిలింది చిన్న వాటా. అధ్యక్ష పదవిలో కూడా మర్ఫీ లేడు. కుటుంబపు క్రమశిక్షణ అలవాటుగా కొనసాగుతోంది గానీ దానికి కాపలాగా ఓట్లు లేవు.

ఇక షేరు ధర. తాతలనాడు ఎకరం వంద రూపాయలకు కొన్న పొలం దస్తావేజులో ఇప్పటికీ వంద రూపాయలే ఉంటుంది, పక్కన హైవే పడిందని కాగితానికి తెలియదు. కంపెనీ పద్దుల్లోనూ అంతే. అడవి కొన్నప్పటి ధరకే రాసి ఉంది. పైగా ఎక్కడ ఎంత కలప నిలబడి ఉందో దశాబ్దాలుగా పూర్తిగా కొలవలేదు. కొట్టే తొందర లేనివాడికి కొలిచే తొందర ఎందుకు? ఏడాదికి వచ్చే నికర లాభం చూసి మార్కెట్ షేరుకు ధర కట్టింది. నిలబడి ఉన్న మానుల విలువ ఆ ధరలోకి సరిగ్గా రాలేదు.

హ్యూస్టన్‌కు చెందిన చార్లెస్ హర్విట్జ్ అనే ఫైనాన్షియర్ ఆ తేడా పసిగట్టాడు. 1985 సెప్టెంబరు 30న ఆయన కంపెనీ మ్యాక్సమ్ కొనుగోలు ప్రకటన చేసింది. మొదట ఒప్పుకోని బోర్డు, ధర పెంచి షేరుకు 40 డాలర్లు అనేసరికి అక్టోబరులో తలూపింది. మొత్తం బేరం 80 కోట్ల డాలర్లకు పైగానే. ఆ డబ్బులో సింహభాగం హర్విట్జ్ జేబులోది కాదు. డ్రెక్సెల్ బర్నమ్ లాంబర్ట్ అనే సంస్థ, అంటే జంక్ బాండ్ల (తిరిగి రావడం అనుమానం కాబట్టి ఎక్కువ వడ్డీ ఇచ్చే అప్పు పత్రాల) రాజుగా పేరుపడ్డ మైకేల్ మిల్కెన్ పనిచేసిన సంస్థ, బాండ్లు అమ్మి సమకూర్చింది. మర్ఫీ వారసులు కోర్టుకెక్కారు, ఓడిపోయారు. 1986 మొదట్లో కంపెనీ పూర్తిగా మ్యాక్సమ్‌దైంది. స్కోషియా ఉద్యోగులతో జరిగిన తొలి సమావేశంలో హర్విట్జ్ ఒక జోకు వేశాడు: బంగారు సూత్రం అంటే ఏమిటో తెలుసా, బంగారం ఎవడి దగ్గరుంటే పెత్తనం వాడిదే. జనం ఆ మాటను చాలా ఏళ్ళు గుర్తుంచుకున్నారు.

ఆ మనిషిని విలన్‌ని చేస్తే కథ తేలిగ్గా చెప్పొచ్చు. పత్రికలు చాలావరకు అదే చేశాయి. కానీ ఆ కుర్చీలో ఇంకెవరు కూర్చున్నా జరిగేది పెద్దగా తేడా ఉండేది కాదేమో, ఎందుకంటే లెక్క అలాంటిది. ఆ రోజుల్లో జంక్ బాండ్ల మీద వడ్డీ 12 శాతం పైమాటే. 12 శాతం వడ్డీ లెక్కన అప్పు ఆరేళ్ళలో రెట్టింపవుతుంది. చెట్లు ఏడాదికి మూడు శాతం పెరుగుతాయని ఉదారంగా అనుకున్నా, కలప రెట్టింపవడానికి 24 ఏళ్ళు పడుతుంది. వెయ్యేళ్ళ పాత మానుల తోపు అయితే ఆ మాత్రం కూడా పెరగదు, ఒక పక్క పెరిగేది, ఇంకో పక్క రాలేది సరిపోతుంది. అంటే అప్పు చేసి కొన్నవాడికి నిలబడ్డ మాను రోజురోజుకూ నష్టం. సొంత డబ్బుతో కూర్చున్నవాడికి అదే మాను బ్యాంకులో సొమ్ము. మాను మారలేదు, దాని కింద ఉన్న డబ్బు రకం మారింది.

అనుకున్నట్టే కోత రెట్టింపుకు మించి పెరిగింది. ఏరి కొట్టే పద్ధతి పోయి, తోపుకు తోపు నరికే పద్ధతి వచ్చింది. కంపెనీకి ఉన్న వెల్డింగ్ పరికరాల వ్యాపారాన్ని 1987లో అమ్మేశారు. ఇక్కడ గమ్మత్తేమిటంటే మొదటి ఏళ్ళలో స్కోషియాలో సంబరమే. ఓవర్‌టైమ్, కొత్త ఉద్యోగాలు, చేతినిండా డబ్బు. పర్యావరణవాదులు అడ్డుపడితే వాళ్ళ మీద కార్మికులకే కోపం వచ్చింది. పదేళ్ళ తర్వాత తమ పిల్లలు కోయాల్సిన చెట్లను ఇప్పుడే ఓవర్‌టైమ్‌లో కోసేస్తున్నామని మిల్లులో కొందరు గ్రహించకపోలేదు. 1988లో ఉద్యోగులే కంపెనీని కొనేలా ఒక ప్రయత్నం కూడా జరిగింది. అది ముందుకు సాగలేదు.

పింఛను ఉదంతం చెప్పకపోతే ఈ కథ సగమే. మర్ఫీల కాలం నుంచి ఉన్న పింఛను పథకంలో అవసరానికి మించి కోట్ల డాలర్లు పోగుపడ్డాయి. కొత్త యజమాని పథకాన్ని రద్దుచేసి, ఉద్యోగులకు ఎగ్జిక్యూటివ్ లైఫ్ అనే బీమా కంపెనీ నుంచి యాన్యుటీలు, అంటే పింఛనులా క్రమంగా డబ్బు చెల్లించే ఒప్పందాలు, కొనిచ్చి, మిగులును కంపెనీ ఖాతాకు మళ్ళించాడు. ఆ రోజుల్లో చట్టం దీనికి వీలిచ్చింది. ఎగ్జిక్యూటివ్ లైఫ్ ఎవరు? డ్రెక్సెల్ అమ్మిన జంక్ బాండ్లను భారీగా కొన్న సంస్థ. 1991 ఏప్రిల్‌లో ఆ బాండ్ల బరువుకే అది కుప్పకూలితే కాలిఫోర్నియా బీమా అధికారులు స్వాధీనం చేసుకున్నారు. నలభై ఏళ్ళు దుంగలు మోసిన మనిషి పింఛను, తన ఊరి అడవిని కొనడానికి పుట్టిన అప్పుల మార్కెట్టు, రెండూ ఒకే తాడుకు ముడిపడి ఉన్నాయన్నమాట. వ్యవహారం కోర్టులకెక్కింది.

తొంభైలలో జరిగిన ఆందోళనల గురించి ఇప్పటికే చాలా రాశారు కాబట్టి ఇక్కడ క్లుప్తంగా. 1990 వేసవిలో పెద్ద ఉద్యమం నడిచింది. 1996 సెప్టెంబరులో ఒక్కరోజే వెయ్యిమందికి పైగా అరెస్టయ్యారు. 1997 డిసెంబరులో జూలియా బటర్‌ఫ్లై హిల్ అనే యువతి ఒక రెడ్‌వుడ్ చెట్టెక్కి 738 రోజులు దిగలేదు. 1998లో నరుకుతున్న మాను మీద పడి ఒక ఉద్యమకారుడు చనిపోయాడు. వీటన్నిటికంటే ఊరివాళ్ళ మనసు మార్చింది వేరే అనిపిస్తుంది. 1997 కొత్త సంవత్సరం నాటి వానలకు, కోత జరిగిన కొండ మీద నుంచి బురద జారి, స్కోషియాకు దగ్గరలోని స్టాఫర్డ్ అనే పల్లెలో ఏడు ఇళ్ళను మింగేసింది. చెట్లు పోతే ఏమవుతుందో ఉపన్యాసాలతో అర్థంకానిది గుమ్మంలోకి వచ్చిన బురదతో అర్థమైంది.

1999 మార్చి 1న ప్రభుత్వం కొనుగోలుకు దిగింది. హెడ్‌వాటర్స్ అనే పాత అడవి, చుట్టూ ఉన్న భూమితో కలిపి దాదాపు 7,500 ఎకరాలకు కేంద్రం 25 కోట్లు, రాష్ట్రం 13 కోట్ల డాలర్లు ఇచ్చాయి. మరికొన్ని తోపుల కోసం పెట్టిన సొమ్ముతో కలిపితే బేరం 48 కోట్లు. మిగిలిన రెండు లక్షల పైచిలుకు ఎకరాల్లో కోతకు 50 ఏళ్ళ సంరక్షణ ప్రణాళిక కింద షరతులు పెట్టారు. ఈ అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1986లో కంపెనీ మొత్తానికి పెట్టింది 80 కోట్ల పైచిలుకు, 13 ఏళ్ళ తర్వాత అడవిలో చిన్న తునకకు జనం సొమ్ము 48 కోట్లు. మార్కెట్ ఆనాడు ఎంత తక్కువ వెల కట్టిందో ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అంత డబ్బు వచ్చాక కంపెనీ తేరుకోవాలి. తేరుకోలేదు, ఎందుకంటే అప్పటికే అడవి మీద ఇంకో పొర అప్పు ఎక్కింది. 1998లో స్కోషియా పసిఫిక్ అనే అనుబంధ కంపెనీ పేర, అడవినే తాకట్టు పెట్టి, 86.7 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మారు. కిస్తీలు కోత ఆదాయం మీదే ఆధారపడ్డాయి. 1999 షరతులు, వాగుల్లో బురద చేరుతోందని రాష్ట్ర జల నియంత్రణ మండలి పెట్టిన పరిమితులు కోతను తగ్గించాయి. తప్పంతా నియంత్రణలదే అని కంపెనీ వాదించింది. కానీ పాత మానులు చాలావరకు అయిపోయాయి. లేత రెడ్‌వుడ్‌లో చేవ తక్కువ, తెల్ల చెక్క ఎక్కువ, ధర కూడా అందుకు తగ్గట్టే. 2000 తర్వాత పెద్ద మానులు కోసే బీ మిల్లు మూతబడింది. 2007 జనవరిలో కంపెనీ దివాలా పిటిషన్ వేసింది, కాలిఫోర్నియాలో కాదు, టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టీ కోర్టులో. బాండ్లవాళ్ళకు అప్పటికి 70 కోట్ల డాలర్లకు పైగా బాకీ.

2008 వేసవిలో కోర్టు అడవిని, మిల్లును మెండొసీనో రెడ్‌వుడ్ కంపెనీకి అప్పగించింది. దాని వెనక ఉన్నది గ్యాప్ బట్టల దుకాణాలు స్థాపించిన ఫిషర్ కుటుంబం. వాళ్ళు 1998లోనే పక్క కౌంటీలో, వేరే కంపెనీ బాగా నరికేసిన అడవిని కొని, నెమ్మదిగా కోసుకునే పద్ధతిలో నడుపుతున్నారు. స్కోషియా ఊరు మాత్రం అప్పిచ్చిన ఆర్థిక సంస్థ చేతికి వెళ్ళింది. నూటపాతికేళ్ళు ఒకే కంపెనీవిగా ఉన్న ఇళ్ళకు విడివిడిగా ప్లాట్లు గీసి, విడిగా నీటి మీటర్లు పెట్టి, అమ్మకానికి పెట్టాల్సి వచ్చింది.

అంటే మళ్ళీ ఒక కుటుంబమే. అయితే ఈసారి షేర్లు బజారులో లేవు. తేడా అంతా ఇక్కడే ఉందనడానికి అదే రాష్ట్రంలో ఇంకో ఉదాహరణ కాలిన్స్ కుటుంబం. పెన్సిల్వేనియాలో 1855లో కలపతో మొదలైన ఆ కుటుంబం, ఉత్తర కాలిఫోర్నియాలోని ఆల్మనోర్ దగ్గరి 90,000 పైచిలుకు ఎకరాల్లో 1940ల నుంచి పెరిగేదానికి లోబడి కోసే పద్ధతే పాటించింది. 1993లో ఆ అడవికి సుస్థిర అటవీ నిర్వహణ ధ్రువపత్రం వచ్చింది, అమెరికాలో అలాంటివాటిలో తొలివరుసది. మర్ఫీలకూ వీళ్ళకూ అడవి విషయంలో పెద్ద తేడా లేదు. కాలిన్స్ వాళ్ళు షేర్లు మార్కెట్‌లో పెట్టలేదు, అందుకే ఏ హర్విట్జ్‌కీ అక్కడ తలుపు దొరకలేదు. 2021లో డిక్సీ కార్చిచ్చు ఆ అడవిలో చాలా భాగాన్ని కాల్చేసింది. దానికి వాటాల లెక్కతో సంబంధం లేదు.

ఫిషర్ల కంపెనీలు పాత మానుల విషయంలో ఒక నియమం పెట్టుకున్నాయి: 1800కు ముందు పుట్టి, రొమ్మెత్తులో 48 అంగుళాలు అంతకుమించి వ్యాసమున్న రెడ్‌వుడ్‌ను కొట్టకూడదు. ఇది కంపెనీ తనకు తానుగా రాసుకున్న విధానం. 1931లో స్టాన్‌వుడ్ మర్ఫీ పెట్టిందీ అలాంటిదే. యజమానులు మారితే, లేదా వారసుల్లో సగం మంది తమ వాటా సొమ్ము చేసుకుందామంటే, దాన్ని మార్చడానికి ఒక బోర్డు సమావేశం చాలు. ఆ ప్రాంతంలో అలా మార్చడానికి వీల్లేనివి పార్కుల కింద ఉన్న భూములు, 1999లో ప్రభుత్వం ఆ ధర పెట్టి కొన్న 7,500 ఎకరాలు.